జాకీ మీద కారు



రోడ్డు ఎత్తు పెరిగిపోయి, నాలుగు చినుకులు పడితే చాలు నీళ్ళు లోపలికి వచ్చేసే ఇళ్ళను ఈమధ్య జాకీలతో పైకి ఎత్తిస్తున్నారు. మీ వీధిలో కాకపోయినా మీ ఊళ్ళో ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. పునాది దగ్గర గోడను కొంచెం కొంచెంగా తొలిచి, వరసగా వందల జాకీలు పెట్టి, పనివాళ్ళందరూ ఒకే లెక్కన తిప్పుకుంటూ పోతారు. చుట్టూ మూగినవాళ్ళ కళ్ళన్నీ జాకీల మీదే ఉంటాయి. పని చేయించే మేస్త్రీ చూపు మాత్రం జాకీల మధ్య ఖాళీల మీద ఉంటుంది. ఇల్లు కాస్త లేచిందంటే ఆ ఖాళీలో ఆధారం పేర్చుకుంటూ వస్తాడు. చివరికి ఇల్లు నిలబడేది కింద కొత్తగా కట్టిన గోడ మీద. జాకీలను వాళ్ళు లారీలో వేసుకుని వెళ్ళిపోతారు.

ఇంటికి చేసే ఈ మర్యాద కారుకి మాత్రం మనం చెయ్యం. డిక్కీలో స్టెప్నీ పక్కన ఉండే చిన్న జాకీ తీసి, ముందు వైపు ఒక మూల లేపి, అది కదలకుండా ఉంది కదా అని తల కిందికి దూర్చేస్తాం. ఆ జాకీ ఇచ్చింది దారిలో పంక్చరైతే టైరు మార్చుకోవడానికి. జాకీ మీద ఉన్న బండి కిందికి వెళ్ళొద్దని కారుతో వచ్చే పుస్తకంలో రాసే ఉంటుంది, చాలా జాకీల మీద అంటించిన కాగితం మీద కూడా ఉంటుంది. కారు కొన్నరోజున గ్లవ్ బాక్సులో పెట్టిన ఆ పుస్తకం మళ్ళీ బయటికి వచ్చేది కారు అమ్మేటప్పుడే.

సొంతంగా చేసుకోగల పనుల్లో చాలా భాగం కారు ముందు వైపే ఉంటాయి. ఇంజనాయిలు మార్చడం, బ్రేకు ప్యాడ్లు అరిగాయేమో చూసుకోవడం, యాక్సిల్ రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారుతోందేమో వెతకడం, స్పీడ్ బ్రేకరుకి తగిలి వేలాడుతున్న ప్లాస్టిక్ కవరును మళ్ళీ బిగించడం. వీటిలో పెద్ద విద్యేమీ లేదు, రెండు పానాలు చేతిలో ఉంటే చేసుకోవచ్చు. కష్టమల్లా బండిని ఎత్తి, ఎత్తినచోట కదలకుండా ఉంచడంలో ఉంది. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

ఈ పని మొదలుపెట్టాలనుకున్నవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే. ఎన్ని టన్నుల జాకీ కొనాలి? లెక్క చూద్దాం. స్విఫ్ట్ లాంటి చిన్న కారు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 900 కిలోలు తూగుతుంది. ఇంజనూ గేరుబాక్సూ రెండూ ముందే ఉంటాయి కనక ఆ బరువులో దాదాపు 60 శాతం ముందు చక్రాల మీద పడుతుంది. ముందు భాగం మొత్తం లేపినా జాకీ మోసేది ఐదారు వందల కిలోలు. ఒక మూల మాత్రమే లేపితే ఇంకా తక్కువ. రెండు టన్నుల జాకీకి అది పెద్ద బరువు కాదు. ఇన్నోవా, స్కార్పియో లాంటి పెద్ద బళ్ళున్నవాళ్ళు మూడు టన్నులది తీసుకోండి. టన్నుల గొడవ ఇంతటితో అయిపోయింది.

ఎందుకింత తేలిగ్గా తీసేస్తున్నానంటే, బరువు మొయ్యలేక జాకీ నలిగిపోయి కారు నిట్టనిలువునా కూలడం అరుదు. సాధారణంగా జరిగేది వేరు. కారు కాస్త వెనక్కి జరుగుతుంది, లేదా పక్కకి ఊగుతుంది. ఆ నాలుగైదు అంగుళాల కదలికకే జాకీ ఒరుగుతుంది. ఒరిగిన జాకీ రెండు టన్నులదైనా పది టన్నులదైనా ఒకటే. అందుకని కారు ఎత్తబోయే మనిషి వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఈ బండి ఎటు కదలగలదు, దాన్ని ఆపేది ఏది? ఇక నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు నేర్పిన పద్ధతి ఒకటుంది. బండిని ఫస్ట్ గేరులో పెట్టు, హ్యాండు బ్రేకు లాగు, ఆపైన జాకీ వెయ్యి. అంబాసిడర్, పద్మినీ కార్ల కాలంలో ఈ మాటకి అర్థం ఉంది. ఆ బళ్ళలో ఇంజను ముందున్నా, అది తిప్పేది వెనక చక్రాలను. ముందు భాగం ఎత్తినప్పుడు వెనక చక్రాలు రెండూ నేల మీదే ఉంటాయి కనక, గేరులో ఉన్న ఇంజను వాటిని పట్టి ఉంచేది. హ్యాండు బ్రేకు కూడా ఆ చక్రాలనే పట్టుకునేది. ఒకటి వదిలినా రెండోది ఉండేది.

1983 చివర్లో మారుతీ 800 రోడ్డెక్కింది. అది ముందు చక్రాలతో నడిచే కారు. ఆ తర్వాత మన రోడ్ల మీదికి వచ్చిన చిన్న కార్లు దాదాపు అన్నీ అదే దారి పట్టాయి. అంబాసిడర్ తయారీ కూడా 2014లో ఆగిపోయింది. బళ్ళు మారిపోయాయి గాని ఆ పాత మాట మాత్రం ఇంకా ఇళ్ళలో తిరుగుతూనే ఉంది. ముందు చక్రాలతో నడిచే కారును ముందు వైపు ఎత్తితే, ఇంజను పట్టుకునే చక్రాలే గాలిలోకి వెళ్ళిపోతాయి. గేరులో పెట్టినా, ఆటోమేటిక్ బండిని పీలో పెట్టినా, గాలిలో ఉన్న చక్రాన్ని పట్టుకుని ఇంజను చేసేదేముంది?

ఒక చక్రమే లేపుతున్నాం, రెండోది నేల మీదే ఉంది కదా అంటారు కొందరు. అక్కడ డిఫరెన్షియల్ అడ్డొస్తుంది. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి. అందుకు వీలుగా రెండు చక్రాల మధ్య పెట్టిన పళ్ళ చక్రాల అమరిక అది. ఇంజను కదలకుండా గేరులో ఉన్నప్పుడు, ఒక చక్రాన్ని ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుంది. ముందు చక్రాలతో నడిచే కారు మీదైతే, ఒక పక్క లేపినప్పుడు గాలిలో ఉన్న చక్రాన్ని పట్టుకునేది ఏదీ లేదు, గేరులో ఉన్నా అది ఎదురు దిశలో తిరిగిపోగలదు. అంటే నేల మీద ఉన్న చక్రం దొర్లడానికి కూడా అడ్డేమీ లేదన్నమాట. అప్పుడు కారును ఆపేది ఒక్క హ్యాండు బ్రేకు. దాని తీగ ఎప్పుడు సాగిపోయిందో, షెడ్డులో ఎప్పుడు బిగించారో మనలో ఎవరికి గుర్తుంటుంది? క్రిస్టా దాకా వచ్చిన ఇన్నోవాలు, బొలేరో వెనక చక్రాలతో నడిచేవి కనక వాటి సంగతి వేరు. మీది ఏ రకమో ముందు తెలుసుకోండి.

కాబట్టి వెనక చక్రాలకు అడ్డు పెట్టడం అనేది ఓపిక ఉంటే చేసే పని కాదు. ఘాటు రోడ్డులో లారీ ఆగీ ఆగకముందే క్లీనరు కిందికి దూకి వెనక చక్రం కింద చెక్క తోసేవాడు, గుర్తుందా? డ్రైవరు బ్రేకు తొక్కే ఉంటాడు, అయినా చెక్క పడాల్సిందే. మనకి కావలసింది అలాంటి ఏటవాలుగా కోసిన చెక్కలే. కట్టెల అడితిలో చెబితే కోసిస్తారు. రెండు వెనక చక్రాలకీ, ముందొకటి వెనకొకటి చొప్పున, టైరుకి ఆనించి గట్టిగా తట్టి పెట్టండి. ముందు భాగం లేచిన కారు ఎక్కువగా వెనక్కి జారాలని చూస్తుంది గనక టైరు వెనక పెట్టేవి మరీ ముఖ్యం. గుండ్రటి రాయి పనికిరాదు, టైరుతోపాటు అదీ దొర్లుతుంది.

ఇక నేల. నా ఉద్దేశంలో ఈ పనిలో సగం భాగం నేల చూసుకోవడమే. మన ఇళ్ళలో కారు పెట్టే చోటు కింద ఏముందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పట్నాల్లో చాలా ఇళ్ళకి నీళ్ళ సంపు గేటు లోపల, సరిగ్గా కారు నిలిపే చోటే ఉంటుంది. కొన్నింటికి సెప్టిక్ ట్యాంకు కూడా అక్కడే. ఆ పలక మీద కారు నిలబడితే బరువు నాలుగు టైర్ల మీద పరుచుకుంటుంది. అదే జాకీ పెడితే ముందు భాగం బరువంతా అరచేతులంత ఇనుప చక్రాల మీదికి వచ్చేస్తుంది. సంపు మూత చుట్టుపక్కల జాకీ పెట్టకండి.

షాబాదు బండలు, కడప బండలు పరిచిన చోట బండ కింద ఇసుక జారిపోయి బోలుగా ఉండొచ్చు. నాణెంతో కొట్టి చూస్తే తెలుస్తుంది, బోలుగా ఉన్నచోట మోత మారుతుంది. పార్కింగ్ టైల్స్ కూడా అంతే, పైగా తడిస్తే జారతాయి. మట్టి నేలైతే, జాకీతో ఎత్తాక బండిని నిలబెట్టే ఇనుప స్టాండు కాళ్ళు దిగబడతాయి. ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డూ మెత్తబడుతుంది, పెట్టినప్పుడు సరిగ్గా ఉన్న స్టాండు అరగంటకి ఒక పక్కకి వాలి కనబడుతుంది. ఇలాంటి చోట్ల ముప్పావు అంగుళం మందం ఉన్న ప్లైవుడ్ ముక్కలు వేసి వాటి మీద స్టాండ్లు పెట్టుకోవాలి. కాళ్ళు నాలుగూ ముక్క మీదే ఉండాలి, ఒక కాలు అంచు దాటితే లేనట్టే.

వాలు సంగతి కూడా చెప్పాలి. గేటు ముందు రోడ్డు దాకా కట్టుకునే ర్యాంపు మీద కారు ఎత్తకూడదని ఎవరికైనా తెలుసు. కంటికి కనబడని వాలే మోసం చేస్తుంది. అపార్ట్‌మెంట్ల కింద స్టిల్టు పార్కింగులో, ఇళ్ళ ముందు వరండాల్లో నీళ్ళు పోవడానికి మేస్త్రీలు కావాలనే వాలు పెడతారు. చెంబెడు నీళ్ళు పోసి చూడండి. చటుక్కున ఒక వైపుకి పరిగెత్తాయంటే మరో చోటు వెతుక్కోండి.

జాకీల్లో మూడు రకాలు మనకు తగులుతాయి. కారుతో వచ్చే కత్తెర జాకీ ఒకటి. దాని అడుగు చాలా చిన్నది, ఎత్తు పెరిగే కొద్దీ పక్క ఊపుకి తట్టుకోలేదు. రోడ్డు మీద అవసరానికి సరే, ఇంట్లో పనికి పక్కన పెట్టండి. రెండోది సీసా ఆకారంలో ఉండే హైడ్రాలిక్ జాకీ. లారీలకి, ట్రాక్టర్లకి బాగా పనికొస్తుంది. చిన్న కార్ల కింద అది పట్టడమే కష్టం, దాని తల కూడా చిన్నదే. మూడోది చక్రాలున్న ట్రాలీ జాకీ. ఇంటి పనికి కొనదగ్గది ఇదే.

ఈ హైడ్రాలిక్ జాకీల వెనక ఉన్న సూత్రం పాతది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్నివైపులకీ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ తేల్చాడు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా దాన్ని యంత్రంగా మలిచి పేటెంటు తీసుకున్నాడు. ఆయన్ను బాగా ఏడిపించింది కారడం. ఎంత బిగించినా పిస్టను పక్కనుంచి ద్రవం బయటికి వచ్చేసేది. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే ఒత్తిడి పెరిగే కొద్దీ ఇంకా బిగుసుకునే తోలు వాచరు చేసిపెట్టాడని చెబుతారు. రెండువందల ఏళ్ళు దాటినా ఆ జబ్బు పూర్తిగా పోలేదు. తోలు బదులు రబ్బరు వచ్చింది, అంతే. మన షెడ్డుల్లో వాచరు పోయింది అంటారు చూడండి, అదే. కారును ఎత్తిపెట్టి టీ తాగి వచ్చేసరికి అంగుళం దిగి ఉంటుంది. నెమ్మదిగా దిగే జాకీ నయం, మనకు తెలుస్తుంది. వాచరు ఒక్కసారిగా చిరిగిందో, అంతకంటే మామూలుగా, ఎవరి కాలో తగిలి పిడి తిరిగి వాల్వు వదులైందో, తప్పుకునే వ్యవధి ఉండదు.

ట్రాలీ జాకీ గురించి చాలామంది గమనించని విషయం, దాని చక్రాలు ఎందుకున్నాయన్నది. కారు కిందికి తోసుకోవడానికే అనుకుంటాం. దాని చెయ్యి నిట్టనిలువునా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. లేచే కొద్దీ తల వెనక్కి, మన వైపుకి వస్తుంది. అందుకని ఎత్తుతున్నంతసేపూ జాకీ తనంతట తాను కారు కిందికి కొంచెం కొంచెం దొర్లాలి. నేల మీద ఇసుకో కంకరో ఉండి చక్రం ఇరుక్కుందా, అప్పుడు తల ఉన్నచోటి నుంచి జారుతుంది, లేదా కారునే లాగుతుంది. ఎత్తే ముందు చీపురుతో నేల ఊడవమనేది అందుకే. నాలుగైదు పోట్లు కొట్టాక ఆగి, వంగి, తల ఎక్కడుందో చూసి మళ్ళీ కొట్టండి.

ఇప్పుడు అసలు చిక్కు. జాకీ ఎక్కడ పెట్టాలి?

బొలేరో, స్కార్పియో లాంటి వాటికి కింద నిలువునా ఛాసిస్ ఉంటుంది, దొడ్డు ఇనుము కళ్ళకు కనబడుతుంది. మామూలు కార్లకు వేరే ఛాసిస్ అంటూ లేదు, బాడీ రేకే అన్నీ మోస్తుంది. అందుకని బరువు ఎక్కడ పెట్టాలో కంపెనీ నిర్ణయించి ఆ చోటును గట్టిపరుస్తుంది. తలుపుల కింద పొడవునా రెండు రేకులు కలిపి వెల్డింగు చేసిన అంచు ఉంటుంది. ముందు చక్రం వెనకాల ఆ అంచుకి సాధారణంగా రెండు గాట్లు పెట్టి ఉంటారు. ఆ గాట్ల మధ్య భాగమే జాకీ చోటు. దానికి జానెడు అటూ ఇటూ పెట్టినా అంచు వంగిపోతుంది. ఇంజనాయిలు ఉండే ఛాంబరు కింద, రేడియేటరు పట్టీ కింద, బంపరు కింద, ప్లాస్టిక్ కవరు మీద జాకీ పెట్టడం అంటే షెడ్డువాడికి పని కల్పించడమే. విశాఖ, కాకినాడల్లో సముద్రం దగ్గర తిరిగిన పాత బళ్ళవాళ్ళు, వరద నీళ్ళలో మునిగిన బండి కొన్నవాళ్ళు ఆ అంచును స్క్రూ డ్రైవరు పిడితో కొట్టి చూసుకోండి. తుప్పు పట్టిన రేకు పైకి రంగుతో బాగానే కనబడి లోపలికి కుంగిపోతుంది.

సరే, గాట్ల దగ్గర జాకీ పెట్టాం. మరి స్టాండు ఎక్కడ పెట్టాలి? స్టాండు పెట్టాల్సిన చోటూ అదే కదా! ఇంటి దగ్గర పని చేసుకునే ప్రతివాడూ ఇక్కడికొచ్చి తల గోక్కుంటాడు. దీనికి దారి ఏమిటంటే, చాలా కార్లకి ముందు భాగం మధ్యలో, ఇంజను కింద అడ్డంగా ఉండే దళసరి ఇనుప దూలం మీద షెడ్డు జాకీకి వేరే చోటు ఉంటుంది. బొమ్మతో సహా పుస్తకంలో ఇస్తారు. అక్కడ ట్రాలీ జాకీ పెట్టి ముందు భాగాన్ని ఒకేసారి లేపి, రెండు పక్కలా గాట్ల కింద రెండు స్టాండ్లు పెట్టుకోవచ్చు. ముందు రెండు చక్రాలూ ఒకే ఎత్తున లేస్తాయి, బండి ఒక పక్కకి ఒరగదు, పని సుఖం. పుస్తకంలో ఆ చోటు చూపకపోతే ఊహించి పెట్టకండి. మీ కారు కంపెనీ సర్వీసు సెంటరులో లిఫ్టు మీద బండి ఉన్నప్పుడు ఒకసారి కింద నిలబడి మెకానిక్కుని అడిగితే వేలు పెట్టి చూపిస్తాడు. ఫోనులో ఫొటో తీసుకోండి. ఆ ఫొటో కంటే మంచి పనిముట్టు లేదు.

స్టాండ్లు లేక మనవాళ్ళు వాడే వస్తువుల్లో మొదటిది ఇటుక. సిమెంటు బోలు ఇటుక మరీ ప్రమాదం. గోడలో పరిచిన బరువు మోయడానికి చేసినది అది. పైన రేకు అంచు ఒక గీతలా ఆనితే, ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగిలి పొడవుతుంది. ఇనుము వంగుతుంది, చెక్క మూలుగుతుంది, సిమెంటు చెప్పదు. ఎర్ర ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చినా పక్క ఊపుకి జారిపోతాయి. స్టాండ్ల జత సంపాదించడం కష్టమేమీ కాదు. అది లేనిరోజున కారు కిందికి వెళ్ళే పనే పెట్టుకోవద్దు.

స్టాండ్లలో పళ్ళపట్టీ ఉండేవి, సూదిలాంటి పిన్ను దూర్చేవి రెండు రకాలు. నేను పిన్ను రకానికే ఓటేస్తాను. కారణం చెబుతాను. అమెరికాలో ఉన్న మనవాళ్ళలో చాలామందికి ఇంటికో గరాజు ఉంటుంది, సొంతంగా ఆయిలు మార్చుకునే అలవాటూ ఉంటుంది. అక్కడ హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల దుకాణాల సంస్థ 2020లో తాను అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను 17 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. పళ్ళు గొళ్ళెంలో సరిగా కూర్చోక, బరువు మీద ఉండగానే స్టాండు హఠాత్తుగా కుంగే వీలుందని తేలింది. తమాషా ఏమిటంటే, బదులుగా ఇచ్చిన వాటిలోనూ కొన్నింటికి వెల్డింగు లోపం బయటపడి అదే ఏడాది మళ్ళీ పిలవాల్సి వచ్చింది. పళ్ళపట్టీ రకాలన్నీ చెడ్డవని కాదు. వాటిలో పన్ను పూర్తిగా దిగిందా లేదా అన్నది లోపల ఉంటుంది. పిన్ను రకంలో దొడ్డు ఇనుప కడ్డీ ఈ వైపు నుంచి ఆ వైపుకి వచ్చిందా లేదా అన్నది కంటికి ఎదురుగానే ఉంటుంది. మీ దగ్గర పళ్ళవి ఉంటే, ఎత్తు పెట్టాక పిడిని కిందికి నొక్కి, పట్టీని చేత్తో కుదిపి చూసి అప్పుడు బరువు దించండి.

పని మొదలయ్యే వరస చూద్దాం. చక్రం విప్పాల్సి ఉంటే నట్లను బండి నేల మీద ఉండగానే ఒక్కో అర చుట్టు వదులు చేసుకోండి. గాలిలో చక్రం ఉండగా వీల్ పానా మీద కాలేసి తొక్కితే నట్టు వదలదు గాని కారు ఊగుతుంది. ఎత్తాక రెండు స్టాండ్లూ ఒకే రంధ్రంలో, ఒకే ఎత్తున పెట్టి, జాకీ వాల్వు వెంట్రుకవాసి తిప్పుతూ బండిని నెమ్మదిగా వాటి మీదికి దించాలి. అంచు స్టాండు తల మీద గాడిలో కూర్చుందా చూడండి. ఆపైన బయట నిలబడి, ముందు మడ్‌గార్డు దగ్గర రెండు చేతులూ ఆనించి గట్టిగా పక్కకి తొయ్యండి. మొహమాటపడి కాదు, నిజంగానే తొయ్యండి. పడేదైతే మనం బయట ఉన్నప్పుడే పడనివ్వాలి. కదలలేదా, జాకీని మళ్ళీ దాని చోటుకి ఆనీ ఆనకుండా లేపి అక్కడే వదిలేయండి. విప్పిన చక్రం ఉంటే దాన్ని పడుకోబెట్టి తలుపు కింది అంచు కిందికి తోసెయ్యండి.

కారు కింద పడుకోవడానికి పాత ఫ్లెక్సీ బ్యానరు బాగుంటుంది. మన ఊళ్ళలో వాటికి కరువు లేదు, ఎన్నికలయ్యాక మరీను. ఆయిలు పడినా తుడిచెయ్యొచ్చు. అయితే అది స్టాండు కాళ్ళ కిందికి గాని, జాకీ చక్రాల కిందికి గాని పోకూడదు, నున్నగా జారుతుంది.

కింద ఉన్నప్పుడు కారును పడగొట్టగలిగేది ముఖ్యంగా మన చెయ్యే. ఆయిలు బోల్టు బిగుసుకుపోయి ఉంటుంది. పానాకి పైపు తొడిగి, రెండు చేతులా ఊపుతాం. ఆ ఊపు పక్కకి వెళ్తే స్టాండ్ల మీద పడుతుంది. అలాంటి మొండి బోల్టును వీలైతే బండి నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి. లేదంటే పానాను అడ్డంగా వచ్చేలా తగిలించి పైకో కిందికో లాగాలి. అప్పటికీ రాకపోతే షెడ్డుకి వెళ్ళండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంజను వేసి ఉంచి కిందికి వెళ్ళకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఆపిన ఇంజనుతో కూడా కొన్ని బళ్ళలో రేడియేటరు ఫ్యాను తనంతట తాను తిరుగుతుంది, వేళ్ళు జాగ్రత్త. తాళం చెవి మీ జేబులోనే ఉండాలి. చక్రం ముందు కూర్చుని స్టీరింగు తిప్పాలని పిల్లలకు ఎప్పుడూ సరదాయే, నాన్న కారు కింద ఉన్న రోజున మరీ ఎక్కువ. ఇంట్లో ఒకరికి చెప్పి పని మొదలుపెట్టండి, పావుగంటకోసారి పలకరించమనండి. ఒకవేళ జరగకూడనిది జరిగితే, నలుగురూ చేరి చేతులతో ఎత్తాలని చూడటం కంటే అదే జాకీతో మళ్ళీ లేపడం మేలు. మనిషిని లాగే ముందు 108కి ఫోన్ చెయ్యమని కూడా ముందే చెప్పి ఉంచండి. భయపెట్టడానికి చెప్పడం లేదు. కంగారులో ఇవేవీ గుర్తుకు రావు.

ఆయిలు మార్చడం వరకే మీ పనైతే ఇనుప ర్యాంపులు కొనుక్కోవచ్చు. ముందు చక్రాలు వాటి మీదికి ఎక్కించి, హ్యాండు బ్రేకు లాగి, వెనక చక్రాలకి చెక్కలు పెడితే సరి. నున్నటి టైల్స్ మీద మాత్రం టైరు తగలగానే ర్యాంపు ముందుకు జారిపోతుంది. దారి చూపే మనిషి పక్కన నిలబడాలి, ఎదురుగా కాదు. చక్రం విప్పే పనులకి ఇవి పనికిరావు.

పనయ్యాక దించే వరస వేరు. ముందు, విప్పిన చక్రం ఉంటే తిరిగి ఎక్కించి, కింద ఉన్న పానాలు, ఆయిలు గిన్నె, ఫ్లెక్సీ అన్నీ బయటికి తీసి లెక్క చూసుకోండి. జాకీతో స్టాండ్ల మీదినుంచి వేలెడు పైకి లేపి, స్టాండ్లను పిడి పట్టుకుని లాగాలి, కాళ్ళ మధ్యకి చెయ్యి పోనివ్వకూడదు. బండి దిగాక నట్లను ఒకటి వదిలి ఒకటి, ఎదురెదురుగా బిగించండి. కొంతదూరం నడిపాక మళ్ళీ ఒకసారి పానా వేసి చూడాలి. కారు ఎక్కి, బ్రేకు పెడలు నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూసుకోండి. ప్యాడ్లు మార్చిన రోజున మొదటి తొక్కుకి అది నేల దాకా వెళ్ళిపోతుంది, గేటు దాటాక తెలిస్తే లాభం లేదు. వెనక చక్రాల చెక్కలు తీసేది అన్నిటికంటే ఆఖరున, పెడలు గట్టిపడ్డాకే.